రీట్రెడింగ్ షెడ్డులో లీన్ పద్ధతులు: తరచుగా అడిగే ప్రశ్నలు

లారీ, బస్సు టైర్లను రీట్రెడ్ చేసే, అంటే అరిగిన పైపొర తీసి కొత్తది అతికించే, చిన్న యూనిట్లతో కలిసి పనిచేస్తుంటాను. షెడ్డు ఓనర్లు, సూపర్‌వైజర్లు, లారీలు తిప్పుకునేవాళ్ళు, ప్రాజెక్టు కోసం వచ్చే ఇంజనీరింగ్ విద్యార్థులు నన్ను మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట పెట్టాను. సర్క్యులర్ ఎకానమీ, అంటే వాడిన వస్తువును పారేయకుండా మళ్ళీ మళ్ళీ వాడుకలోకి తెచ్చే పద్ధతి, మీద చాలా మాటలు వినిపిస్తున్నాయి. నాకు అది బాగా అర్థమైంది మాత్రం అరిగిన టైరు పక్కన నిలబడినప్పుడే.

సర్క్యులర్ ఎకానమీ అంటే పాత సామాన్ల వ్యాపారానికి పెట్టిన కొత్త పేరేనా?

కాదు. పాత ఇనుము కరిగించి మళ్ళీ ఇనుము చేయడం అందులో చివరి మెట్టు. అంతకు ముందు చాలా మెట్లున్నాయి. వస్తువును ఎక్కువ కాలం వాడటం, రిపేరు చేయడం, విప్పి అరిగిన భాగం మాత్రం మార్చి మళ్ళీ కొత్తదానిలా నిలబెట్టడం, ఇవన్నీ కుదరనప్పుడే కరిగించడం. మన ఇళ్ళల్లో ఇత్తడి గిన్నెకు కళాయి వేయించేవాళ్ళు. గిన్నెను అమ్మేసి ఇత్తడి డబ్బులు తెచ్చుకోవడం వేరు, కళాయి పూయించి మళ్ళీ పొయ్యి మీదకు ఎక్కించడం వేరు. వస్తువు రూపం చెడకుండా నిలుపుకున్నంత కాలం, దాన్ని తయారు చేయడానికి పెట్టిన శ్రమ, కరెంటు, ముడిసరుకు మన దగ్గరే ఉంటాయి. కరిగించిన రోజున ఆ శ్రమంతా పోయి, పదార్థం మాత్రమే మిగులుతుంది.

మరి లీన్ అంటే?

జపాన్‌లో టొయోటా కార్ల కంపెనీలో రెండో ప్రపంచ యుద్ధం తర్వాత తయీచి ఓనో అనే ఇంజనీరు, ఆయనతో పనిచేసినవాళ్ళు ఏళ్ళ తరబడి పెంచుకున్న పని పద్ధతి. దానికి ‘లీన్’ అని పేరు పెట్టింది మాత్రం అమెరికాలో చదువుకుంటున్న జాన్ క్రాఫ్‌చిక్, 1988లో. కొనేవాడికి ఉపయోగపడని ప్రతి పనీ వృథానే అన్నది దాని మూల సూత్రం. ఓనో ఏడు రకాల వృథా చెప్పాడు: అవసరానికి మించి తయారు చేయడం, ఎదురుచూడటం, అనవసరంగా మోయడం, అక్కర్లేని పని చేయడం, పేరుకుపోయిన సరుకు, మనిషి అనవసరపు కదలికలు, తప్పు సరుకు.

జపాన్ వాళ్ళు వృథాతో పాటు ఇంకో రెండు మాటలు కలిపి చెప్తారు. వృథా ముదా. పనిలో హెచ్చుతగ్గులు మురా. మనిషి మీదా యంత్రం మీదా మోయలేనంత భారం మురి. మన చిన్న యూనిట్లలో ముదా కంటే మురాయే ఎక్కువ బాధపెడుతుందని నా అనుభవం. సోమవారం ఖాళీగా కూర్చుని శనివారం రాత్రి పన్నెండు దాకా పనిచేసే షెడ్లు ఎన్ని చూశానో.

ఇన్ని వస్తువులుండగా టైరునే ఎందుకు పట్టుకున్నారు?

రబ్బరు స్వభావం వల్ల. చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనిపెట్టిన వల్కనైజేషన్ పద్ధతిలో రబ్బరును గంధకంతో కలిపి వేడి చేస్తారు. గొలుసుల్లా ఉండే రబ్బరు అణువులు ఒకదానికొకటి ముడిపడిపోతాయి. ఆ ముడుల వల్లే టైరుకు అంత గట్టిదనం. ఆ ముడుల వల్లే దాన్ని ప్లాస్టిక్ బకెట్టులా కరిగించి మళ్ళీ పోత పోయలేం. పొడి చేయవచ్చు, మెత్తబరిచి మళ్ళీ కలుపుకునే రీక్లెయిమ్ రబ్బరు చేయవచ్చు, పైరోలిసిస్‌లో, అంటే గాలి తగలకుండా బాగా వేడి చేసి, నూనె తీయవచ్చు. కానీ ఒకసారి టైరు రూపం చెడిపోయాక మళ్ళీ అంతటి వస్తువు రాదు.

అరిగేదేమో పైన రోడ్డుకు ఆనే పొర ఒక్కటే. కింద ఉన్న కేసింగ్, అంటే లోపలి దారాల పొరలు, రిమ్మును పట్టుకునే అంచులోని బీడు తీగలు, పక్క గోడ (సైడ్‌వాల్), చాలాసార్లు గట్టిగానే ఉంటాయి. టైరు బరువులో ఎక్కువ భాగం అదే. పాత పొర చెక్కేసి కొత్త ట్రెడ్ రబ్బరు అతికించడమే రీట్రెడింగ్. మన లారీవాళ్ళు రీసోలింగ్ అంటారు, చెప్పుకు కొత్త అట్ట వేయించినట్టు. విమానాల టైర్లు కూడా ఒకటికి నాలుగుసార్లు రీట్రెడ్ అవుతాయి. ముందే ఉడికించిన ట్రెడ్‌ను అతికించే పద్ధతి జర్మనీలో బెర్నార్డ్ నోవాక్ కనిపెట్టాడు. రాయ్ కార్వర్ 1957లో దాన్ని అమెరికాకు తీసుకెళ్ళి బాండాగ్ కంపెనీ పెట్టాడు. ఇప్పుడు మన హైవేల పక్కన షెడ్లలో జరిగే కోల్డ్ ప్రాసెస్‌కు మూలం అదే.

షెడ్డును లీన్‌గా నడిపితే అది సర్క్యులర్ అయినట్టే కదా?

ఈ పొరపాటు పెద్దవాళ్ళు కూడా చేస్తున్నారు. ఒక్క గ్రాము వృథా లేకుండా, ఒక్క నిమిషం ఆగకుండా షాంపూ సాచెట్లు తయారు చేసే ఫ్యాక్టరీ పూర్తిగా లీన్ కావచ్చు. అక్కడ తయారైన సాచెట్టు మాత్రం వాడిన మరుక్షణం మురుగు కాలువలోకే పోతుంది. ఎంత తక్కువ వృథాతో తయారు చేస్తున్నామని లీన్ అడుగుతుంది. తయారైనది తిరిగి వస్తుందా అని సర్క్యులర్ అడుగుతుంది. ఈ రెండు ప్రశ్నలూ ఒకే చోట కలిసి అడగాలి.

తిరగేసి చూసినా అంతే. రీట్రెడింగ్ షెడ్డు పుట్టుకతోనే సర్క్యులర్. కానీ అక్కడ చేసిన టైర్లు ఫెయిలై వెనక్కి వస్తుంటే, వాటి కోసం వాడిన ట్రెడ్ రబ్బరు, ఆవిరి, కరెంటు పోయినట్టే. అన్నిటికన్నా ముఖ్యంగా, ఇంకో రెండు జన్మలు ఉండాల్సిన కేసింగ్ చచ్చిపోతుంది. మన దగ్గర ఉన్న అసలు సొత్తు కేసింగే. నేను లీన్ చెప్పేదంతా దాని ప్రాణం కాపాడటానికే.

మా షెడ్డులో అందరూ కష్టపడి పనిచేస్తారు. ఇంక వృథా ఎక్కడుంది?

మనుషుల వెంట కాకుండా ఒక టైరు వెంట నడిచి చూడండి. అసలు పని జరిగే చోటును టొయోటా వాళ్ళు గెంబా అంటారు, అక్కడికే వెళ్ళి చూడమంటారు. ఒక కేసింగ్ మీద సుద్దముక్కతో వచ్చిన తేదీ, టైము రాయండి. అది లారీలోంచి దొర్లిన క్షణం నుంచి మళ్ళీ లారీ ఎక్కేదాకా ప్రతి మజిలీలోనూ టైము రాస్తూ పోండి. మొదటి చెకింగ్, బఫింగ్ (పాత పొరను గరుకుగా చెక్కడం), గాయాలు చెక్కి పూడ్చడం, సొల్యూషన్ (రబ్బరు జిగురు) పూత, కుషన్ గమ్ (మధ్యలో అతుకు కోసం వేసే పచ్చి రబ్బరు పొర), ట్రెడ్ అతికించడం, ఎన్వలప్ (పైన బిగించే రబ్బరు తొడుగు) తొడగడం, ఛాంబర్ (వేడిలో ఉడికించే పెద్ద గుండ్రటి పాత్ర), చివరి చెకింగ్. టైరు మీద ఎవరో ఒకరు నిజంగా చెయ్యి వేసి పనిచేసిన సమయం, ఛాంబర్‌లో ఉడికిన సమయం కలిపితే ఒక పనిరోజు లోపే వస్తుంది. టైరు షెడ్డులో ఉన్నది మాత్రం రోజుల లెక్కన ఉంటుంది. మిగిలిన సమయమంతా అది గోడకానుకుని నిలబడి ఉంది.

ఈ నిలబడటం డబ్బుకు మాత్రమే నష్టం కాదు. బఫింగ్ చేసిన రబ్బరు ఉపరితలం తాజాగా, గరుకుగా ఉన్నప్పుడే సొల్యూషన్‌ను బాగా పట్టుకుంటుంది. రాత్రంతా వదిలేస్తే దాని మీద దుమ్ము చేరుతుంది, తేమ చేరుతుంది, గాలికి పైపొర పాడవుతుంది. రేపు పొద్దున దాని మీద పూసిన సొల్యూషన్ పైకి బాగానే కనిపిస్తుంది, కానీ పట్టు తగ్గుతుంది. అంటే మధ్యలో పేరుకున్న సరుకు నేరుగా క్వాలిటీని తినేస్తోంది. ఓనో చెప్పిన ఏడింటిలో రెండు వృథాలు ఇక్కడ ఒకే గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాయి.

బఫింగ్ మిషన్ ఖాళీగా ఉంటే నష్టం కదా? అందుకే వీలైనన్ని బఫ్ చేయించి పెడతాం.

ఓనర్లందరూ అడిగే ప్రశ్న ఇది. లెక్క వేసి చూద్దాం. మీ ఛాంబర్‌లో ఒకసారికి 12 టైర్లు పడతాయనుకుందాం. పేరుకు కోల్డ్ ప్రాసెసే అయినా నూరు డిగ్రీల చుట్టుపక్కల వేడిలో మూడు నాలుగు గంటలు ఉడకాలి. రోజుకు రెండు ట్రిప్పులు, అంటే 24 టైర్లు. మీరు 40 బఫ్ చేసినా బయటికి వచ్చేది 24 మాత్రమే. మిగతా 16 గోడకు చేరతాయి.

ప్రొఫెసర్ జాన్ లిటిల్ 1961లో నిరూపించిన ఒక తేలికైన సూత్రం ఉంది. లోపల ఉన్న సరుకును రోజుకు బయటికి వెళ్ళే సరుకుతో భాగిస్తే, ఒక్కో వస్తువు సగటున లోపల ఎన్ని రోజులు ఉంటుందో వస్తుంది. షెడ్డులో 120 టైర్లు, రోజుకు 24 బయటికి. అంటే ఐదు రోజులు. ఎవరిని ఎంత తరిమినా ఆ ఐదు రోజులు తగ్గవు. 120ని 48 చేయండి, రెండు రోజులకు వస్తుంది. కొత్త మిషన్ కొనక్కర్లేదు.

దీనికి కాన్‌బాన్ పద్ధతి పనికొస్తుంది. పేరు చూసి కంప్యూటర్ సిస్టమ్ అనుకోకండి. బఫింగ్‌కీ సొల్యూషన్‌కీ మధ్య నేల మీద పెయింటుతో ఆరు గళ్ళు గీయండి. ఆరూ నిండితే బఫింగ్ ఆగాలి. ఆ మనిషి వచ్చి ట్రెడ్ అతికించేవాళ్ళకు సాయం పట్టాలి. ఒక గడి ఖాళీ అయితే ఇంకోటి బఫ్ చేయాలి. మొదటి వారం మిషన్ ఆగినప్పుడల్లా ఓనరుకు టెన్షన్ వస్తుంది. అది సహజం. ఆ వారం ఓపిక పట్టాలి.

ఒక్క మాట మాత్రం చెప్పాలి. లీన్ శిక్షణలో ‘ఒక్కొక్కటిగా నడపండి’ అని నేర్పుతారు. ఛాంబర్ దగ్గర అది కుదరదు. సగం ఖాళీ ఛాంబర్‌ను వేడి చేస్తే ఆవిరి దండగ. ఛాంబర్ నిండుగా నడవాలి, దాని దాకా వచ్చే పని ఒక్కొక్కటిగా పారాలి. సిద్ధాంతం కోసం బొగ్గు, కట్టెలు, కరెంటు తగలేయడం సర్క్యులర్ మనిషికి తగదు.

మొదటి చెకింగ్‌కు అంత ప్రాముఖ్యం ఎందుకిస్తారు?

నా కళ్ళ ముందు జరిగింది చెప్తాను. ఒక షెడ్డులో నేను కొత్తగా చేరినప్పుడు ఛాంబర్‌లోంచి తీసిన ఒక టైరుకు భుజం దగ్గర అరచేతి వెడల్పున ఉబ్బు వచ్చింది. పొద్దుటి నుంచి నలుగురు చేసిన పని, ట్రెడ్ రబ్బరు, నాలుగు గంటల ఆవిరి, అన్నీ పోయాయి. సూపర్‌వైజర్ కుర్రాడి మీద అరిచాడు. మేం ఐదుసార్లు ‘ఎందుకు’ అని అడుగుతూ పోయాం. ఉబ్బు ఎందుకు వచ్చింది? ట్రెడ్ కిందకి గాలి వెళ్ళింది. గాలి ఎందుకు వెళ్ళింది? కేసింగ్‌లో మేకు రంధ్రం పూడ్చలేదు. ఎందుకు పూడ్చలేదు? మొదటి చెకింగ్‌లో ఎవరికీ కనపడలేదు. ఎందుకు కనపడలేదు? స్ప్రెడర్ మీద టైరు విప్పార్చి చూసేటప్పుడు బల్బు ఆ కుర్రాడి వీపు వెనక ఉంది. అతని తల నీడే టైరు లోపల పడుతోంది. బల్బు అక్కడెందుకుంది? ఖాళీ ఉన్న మూలలో స్ప్రెడర్ బిగించారు, దీపం సంగతి ఎవరూ ఆలోచించలేదు.

ఆ కుర్రాడి తప్పేమీ లేదు. టైరు లోపలికి దించే చేతిదీపం ఒకటి వైరుతో వేలాడదీశాం. చేతిలో దూది ముద్ద పెట్టుకుని లోపలి గోడ అంతా మెల్లగా తడమడం అలవాటు చేశాం. మేకు మొన ఎంత చిన్నదైనా దూది దానికి చిక్కుకుంటుంది. కన్ను తప్పిపోయింది దూది పట్టుకుంటుంది.

టొయోటా కథ కూడా ఇక్కడి నుంచే మొదలైంది. ఆ కంపెనీ పెట్టిన కీచిరోకు తండ్రి అయిన సకీచి టొయోడా చేసిన మగ్గం దారం తెగగానే తనంతట తానే ఆగిపోయేది. తప్పు బట్ట గజాలకు గజాలు నేసే బదులు అక్కడికక్కడే ఆగడం. చెడిపోయిన కేసింగ్‌ను మొదటి బల్ల దగ్గరే ఆపితే పోయేది పది నిమిషాలు. ఛాంబర్ తర్వాత ఆపితే పూట గడిచిపోతుంది. రోడ్డు మీద ఆగితే ఏం పోతుందో చెప్పక్కర్లేదు.

లీన్‌లో స్టాక్ ఉండకూడదంటారు. కేసింగులు ఎప్పుడు, ఎన్ని, ఏ స్థితిలో వస్తాయో మాకు తెలియదే?

సర్క్యులర్ పనిలో అసలు కష్టం ఇదే. కార్ల ఫ్యాక్టరీకి బోల్టులు ఆర్డరు ప్రకారం, ఒకే కొలతలో వస్తాయి. మనకు వచ్చే ముడిసరుకు ఎవరో వాడి తెచ్చిందే. ఒకటి జాగ్రత్తగా నడిపినది, ఇంకోటి ఓవర్‌లోడ్‌తో ఇసుక మోసినది. స్కూళ్ళు తెరిచే ముందు బస్సుల టైర్లు ఒక్కసారిగా వస్తాయి, కోతల సీజన్లో లారీలు టైరు విప్పడానికే తీరిక లేక తీసుకురావు.

కాబట్టి ఇక్కడ స్టాక్ సున్నా కాకూడదు. కానీ ఉండాల్సిన చోటే ఉండాలి. బఫ్ చేయని, చెక్ చేసి గ్రేడు రాసిపెట్టిన కేసింగులు నీడలో, నీళ్ళు నిలవకుండా ఉంటే చెడిపోవు. అనిశ్చితి అంతా ఆ గుమ్మం దగ్గరే ఆగాలి. బఫింగ్ గుమ్మం దాటిన టైరు ఆగకూడదు. వచ్చిన రోజే చెక్ చేసి మంచివి, రిపేరు కావాల్సినవి, పనికిరానివి అని మూడు వరసల్లో పెడితే, మంచి టైరు వెనక చెడ్డ టైరు, దాని వెనక ఇంకో మంచి టైరు అని లైను తడబడదు.

లారీ ఓనరుగా ఇందులో నేను చేయాల్సింది ఏముంది?

మీరు చేయగలిగింది షెడ్డువాళ్ళు చేసేదానికంటే ఎక్కువ. టైరు వృథా అయ్యేది షెడ్డులో కాదు, దానికి ముందు రోడ్డు మీద.

కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం లారీ టైరు గాడి లోతు 1.6 మి.మీ. కంటే తగ్గకూడదు. చాలామంది గుండు అయ్యేదాకా, తీగలు కనపడేదాకా నడుపుతారు, ‘ఇంకో నాలుగు ట్రిప్పులు వస్తాయి’ అని. ఆ నాలుగు ట్రిప్పుల్లోనే రాళ్ళు కేసింగ్‌లో దిగుతాయి, దారాల్లోకి నీళ్ళు చేరతాయి. రీట్రెడ్ చేయించాలనుకుంటే 3 మి.మీ. దగ్గరే విప్పండి. పోయేది ఒకట్రెండు మిల్లీమీటర్ల రబ్బరు, దక్కేది మొత్తం కేసింగ్.

డబ్బు లెక్క ఉదాహరణకు చూద్దాం. 22,000కు కొన్న టైరు 60,000 కి.మీ. తిరిగిందనుకోండి. కిలోమీటరుకు దాదాపు 37 పైసలు. 6,500తో రీట్రెడ్ చేయిస్తే ఇంకో 45,000 కి.మీ. వచ్చిందనుకోండి. మొత్తం 28,500కు 1,05,000 కి.మీ., అంటే 27 పైసలు. మీ సొంత బిల్లులతో ఇదే లెక్క వేసుకోండి. గాలి వారానికొకసారైనా గేజీతో చూడండి. కర్రతో కొట్టి చప్పుడు వినడం గేజీ కాదు. రీట్రెడ్ టైరు వెనక ఇరుసులకే వేయండి. అమెరికాలో బస్సుల ముందు చక్రాలకు రీట్రెడ్ వేయకూడదని చట్టమే ఉంది.

హైవే మీద పడి ఉండే రబ్బరు తోళ్ళన్నీ రీట్రెడ్ టైర్లవే కదా?

కావు. అమెరికా రహదారి భద్రతా సంస్థ కోసం మిషిగన్ విశ్వవిద్యాలయం చేసిన అధ్యయనం 2008లో వచ్చింది. రోడ్ల మీద ఏరిన ముక్కల్లో కొత్త టైర్లవీ ఉన్నాయి, రీట్రెడ్‌వీ ఉన్నాయి. వాడకంలో ఏవి ఎంత నిష్పత్తిలో ఉన్నాయో ముక్కల్లోనూ ఇంచుమించు అంతే. ఎక్కువ టైర్లు పోయింది రోడ్డు మీది గాయాల వల్ల, సరైన గాలి, నిర్వహణ లేకపోవడం వల్ల. అయితే చెడ్డ రీట్రెడింగ్ ఉందని నేను కాదనను. అందుకే మొదటి చెకింగ్ గురించి అంత చెప్పాను.

ఫైవ్ ఎస్ అంటే షెడ్డు ఊడ్చి పెట్టడమేనా?

అది ఒక ముక్క. అక్కర్లేనివి తీసేయడం, ఉన్నవాటికి చోటు, శుభ్రం, ఒకే పద్ధతి, దాన్ని నిలుపుకోవడం, ఈ ఐదూ. మన షెడ్లలో ఇది ప్రాణాల సంగతి. సొల్యూషన్ ఆవిరికి నిప్పు అంటుకుంటుంది. బఫింగ్ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. సొల్యూషన్ డబ్బాకు మూత, బఫింగ్ మనిషికి మాస్కు లేకుండా గోడకు అంటించిన ఫైవ్ ఎస్ చార్టు ఎందుకూ పనికిరాదు.

లీన్ పేరుతో పనివాళ్ళను తీసేస్తారని మావాళ్ళు భయపడుతున్నారు.

ఆ భయం న్యాయమైనదే. టొయోటాలోనే 1950లో పెద్ద సంక్షోభం వచ్చింది, సమ్మె జరిగింది, చాలామంది ఉద్యోగాలు పోయాయి, కంపెనీ అధిపతి కీచిరో టొయోడా రాజీనామా చేశాడు. ఆ గాయం నుంచి కంపెనీ, యూనియన్ మెల్లగా ఒకరినొకరు నమ్మడం నేర్చుకున్నాయి. పని పద్ధతి నిలబడింది ఆ నమ్మకం మీదే.

ఓనర్లకు నేను మొదటి రోజే చెప్తాను: ఆదా అయిన సమయం వల్ల ఎవరినీ తీసేయనని అందరి ముందూ మాటివ్వండి. ఇవ్వలేకపోతే మొదలుపెట్టొద్దు. దూది సంగతి మాకు చెప్పింది ఏ కన్సల్టెంటూ కాదు, ఇరవై ఏళ్ళుగా టైర్లు తడుముతున్న ఒక మేస్త్రి. భయపడిన మనిషి నోరు తెరవడు.

ఇది పెద్ద ఎత్తున ఎక్కడైనా జరిగిందా?

ఫ్రాన్స్‌లో రెనో కంపెనీ పారిస్ పక్కన షువాజీ-ల-ర్వా అనే చోట 1949 నుంచి పాత ఇంజన్లను విప్పి, కడిగి, అరిగినవి మార్చి, పరీక్షించి అమ్ముతూ వచ్చింది. కొత్త భాగం తయారీతో పోలిస్తే కరెంటు, ఇతర ఇంధనాలు 80 శాతం, నీళ్ళు 88 శాతం తక్కువ పట్టాయని ఆ ప్లాంటు గురించి ప్రచురించిన లెక్కలు. ధర కూడా కొత్తదానికంటే 30 నుంచి 50 శాతం తక్కువ. తర్వాత ఆ పనిని ఫ్లాన్ ఫ్యాక్టరీకి మార్చారు. మనవైపు లారీవాళ్ళు ‘ఇంజన్ బోరుకొచ్చింది’ అని విజయవాడ ఆటోనగర్‌కు తీసుకెళ్తే అక్కడ జరిగేదీ ఆ జాతి పనే. ఆ నైపుణ్యం మనకుంది. పద్ధతి, కొలత, గ్యారంటీ కావాలి.

ప్రభుత్వం నుంచి సాయం ఏమైనా ఉందా?

ఉద్యం రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న పరిశ్రమలకు కేంద్రం 2023 మార్చిలో ఎంఎస్ఎంఈ లీన్ స్కీమును కొత్త రూపంలో మొదలుపెట్టింది. బేసిక్, ఇంటర్మీడియట్, అడ్వాన్స్‌డ్ అని మూడు మెట్లు. కన్సల్టెంటు ఖర్చులో 90 శాతం కేంద్రం పెట్టుకునేలా రూపొందించారు. దరఖాస్తుకు ముందు పోర్టల్‌లో ప్రస్తుత నిబంధనలు చూసుకోండి. టైర్ల విషయంలో 2022లో ఉత్పత్తిదారుల బాధ్యత నియమాలు, అంటే పాత టైర్లను రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారులదే అనే నియమాలు, వచ్చాయి. పైరోలిసిస్ నూనె కోసం పాత టైర్లు దిగుమతి చేసుకోవడం కూడా అప్పుడే నిషేధించారు.

పనికిరాదని తేలిన కేసింగ్‌ను ఏం చేయాలి?

బీడు తీగ తెగినది, సైడ్‌వాల్ దారాలు బయటపడినది, గాలి లేకుండా నడిపి లోపల నలిగినది, వీటిని ఎవరు ఎంత బతిమాలినా రీట్రెడ్ చేయకండి. వెనక్కి ఇచ్చే ముందు ఎందుకు పనికిరాదో టైరు మీదే రాసి ఓనరుకు చూపించండి. రెండుమూడుసార్లు అలా చూస్తే డ్రైవరు నడిపే తీరు మారుతుంది. తర్వాత అది పొడి చేసే, రీక్లెయిమ్ చేసే రిజిస్టర్డ్ యూనిట్‌కే వెళ్ళాలి. ఇటుక బట్టీలో తగలబెట్టేవాళ్ళకు అమ్మకండి, కిలోకు రూపాయి ఎక్కువ ఇచ్చినా సరే.

రేపే మొదలుపెట్టాలంటే?

ఒక సుద్దముక్క, ఒక నోట్‌బుక్ చాలు. రోజూ నాలుగు అంకెలు రాయండి: షెడ్డులో ఉన్న టైర్లు, బయటికి వెళ్ళినవి, మొదటిసారే సరిగ్గా వచ్చినవి, వెనక్కి వచ్చినవి. ప్రతి కేసింగ్‌కూ నంబరు వేసి అది ఎన్నో జన్మో పక్కన రాయండి. నేను ఏ షెడ్డుకు వెళ్ళినా మొదట అడిగేది ఆ చివరి అంకెనే. పొద్దున షట్టర్ ఎత్తగానే, టీ రాకముందే, మొదటి టైరు పక్కన ఆ నోట్‌బుక్‌తో నిలబడండి.